బుల్లెట్ గాడిలో పడే చోటు

బోల్ట్ మెల్లగా ముందుకు తోయండి. ముప్పావు దారి దాకా ఏ అడ్డూ ఉండదు. చివరన హ్యాండిల్‌ను కిందికి వంచబోతుంటే వేళ్లకు చిన్న బిగువు తగులుతుంది. పరధ్యానంగా ఉంటే తెలియనే తెలియదు, అంత చిన్నది. ఏదో ఇరుక్కుందేమోనని చేయి ఆగిపోతుంది.

"ఆగకు తమ్మీ. అది అడ్డం గాదు, బుల్లెట్ గాడిల వడుతున్నది. జర ఒత్తి మూయి. జబర్దస్తీ మాత్రం చెయ్యకు," అంటారు వెనక నిలబడ్డ కోచ్ సార్.

మూస్తారు. టక్ మంటుంది. ట్రిగ్గర్ మీద ఇంకా వేలు పడలేదు. కానీ ఈ షాట్ ఎక్కడికి పోవాలన్నది సగం నిర్ణయమైపోయింది.

ఇది గచ్చిబౌలి షూటింగ్ రేంజ్, 50 మీటర్ల లేన్. చాప మీద బోర్లా పడుకున్నారు. ఎడమ జబ్బకు స్లింగ్ పట్టీ గట్టిగా బిగించారు. దాని కింద నాడి కొట్టుకోవడం తెలుస్తోంది. బిర్రుగా ఉన్న తోలు జాకెట్‌లో చెమట పడుతోంది. తెల్లవారకముందే నర్సింహులపేటలో బయల్దేరి తొర్రూరు, జనగామ దాటుకుంటూ వచ్చారు. ఇంతకుముందు మీరు పట్టిన రైఫిల్ ఒక్కటే, కాలేజీలో ఎన్‌సీసీ వాళ్లిచ్చిన పాయింట్ 22 డీలక్స్. 25 గజాల దూరంలో అట్ట. ఇచ్చిన నాలుగు రౌండ్లూ తలో దిక్కు పోయాయి. "చేతులు వణుకుతున్నయ్ నీకు" అనేసి తర్వాతి కేడెట్‌ను పిలిచారు. చేతులే వణికాయా, రైఫిల్‌లోనే ఏమైనా ఉందా అని ఎవరూ చూడలేదు. అది తేలాలంటే గొట్టంలోకి దిగాలి.

ఎదురుగా 50 మీటర్ల అవతల నల్లటి గుండ్రం. దాని వ్యాసం 112.4 మిల్లీమీటర్లు. మధ్యలోని పది పాయింట్ల వృత్తం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, అంటే కేంద్రం నుంచి అన్ని వైపులా 5.2. కంటికి అది కనపడదు. సైట్‌లోని వలయం మధ్యలో నల్ల గుండ్రాన్ని సరిగ్గా నిలపడం ఒక్కటే మీ పని. మిగతాదంతా రైఫిల్ చేయాలి.

"కాల్చకు. బోల్ట్ తియ్యి. మెల్లగ తియ్యి," అంటారు కోచ్ సార్ ఉన్నట్టుండి.

రౌండ్ బయటికి వస్తుంది. దాన్ని అరచేతిలో పెట్టి, జేబులోంచి చిన్న భూతద్దం తీసి ఇస్తారు. చూడండి. ఇత్తడి కేస్ నుంచి బయటికి పొడుచుకొచ్చిన సీసపు బుల్లెట్, దాని మీద పల్చగా మైనం. కేస్ అంచుకు కొంచెం ముందు, బుల్లెట్ చుట్టూ సన్నటి గీతలున్నాయి, సమాన దూరంలో. ఎనిమిది గాడుల గొట్టమైతే ఎనిమిది గీతలు. పేల్చకుండానే బుల్లెట్ మీద గొట్టం తన గుర్తు వేసింది. వేలికి తగిలిన ఆ బిగువు ఇదే. గీతలన్నీ ఒకే పొడవున్నాయా అని చూడమంటారాయన. ఒక పక్క పొడవుగా, ఎదురు పక్క పొట్టిగా ఉంటే బుల్లెట్ ఒరిగి కూర్చుందన్నమాట. మీ చేతిలోని రౌండ్‌పై అన్నీ సమానంగానే ఉన్నాయి. దాన్ని మళ్లీ వాడరు, పక్కన డబ్బాలో వేస్తారు. ఇలా మ్యాచ్ రైఫిల్ నుంచి పేలని రౌండ్ తీసేటప్పుడు ఒక్కోసారి బుల్లెట్ గాడుల్లోనే ఉండిపోయి, కేస్ ఒక్కటే బయటికొచ్చి మందు ఒలికిపోతుంది. అలాంటప్పుడు ఇంకో రౌండ్ పెట్టకూడదు. రైఫిల్ మూతిని గురి వైపుకే పట్టి చేయెత్తి పిలవాలి.

ఇప్పుడు చాంబర్‌లోకి రండి. వెనక నుంచి ముందుకు చూస్తే మొదట కేస్ పట్టేంత గది. దాని ముందు గాడులూ గట్లూ తిరుగుతున్న గొట్టం. ఆ రెంటికీ నడుమ ఉన్న కొద్దిపాటి జాగానే షూటర్లు త్రోట్ అంటారు. అక్కడ రెండు భాగాలుంటాయి. ఒకటి, గాడుల్లేని నున్నటి ముక్క, ఫ్రీబోర్. రెండోది, గట్లు సున్నా నుంచి పూర్తి ఎత్తుకు లేచే వాలు, లీడ్. పాయింట్ 22లో గట్టు ఎత్తు దాదాపు 0.06 మిల్లీమీటర్లు. నోట్‌బుక్ కాగితం మందం కూడా లేదు. ఆ ఎత్తుకు ఎక్కడానికి వాలు ఒకటిన్నర డిగ్రీలైతే 2.3 మిల్లీమీటర్ల దారి కావాలి. ఐదు డిగ్రీలైతే 0.7 మిల్లీమీటర్లు చాలు. మొదటిదాంట్లో సీసం నెమ్మదిగా, సమంగా నొక్కుకుంటూ పోతుంది. రెండోదాంట్లో గుద్దుకున్నట్టు పోతుంది. బయటి నుంచి రెండు రైఫిళ్లూ ఒకేలా ఉంటాయి, ధర కూడా ఒకటే కావచ్చు. తేడా అంతా ఈ గోరంత జాగాలో ఉంది.

మామూలు పాయింట్ 22 రైఫిల్ ఏ కంపెనీ రౌండ్ పెట్టినా పేలాలి, దుమ్ములో పేలాలి, కొత్తవాడు పట్టినా పేలాలి. అందుకే దాని చాంబర్ కాస్త వదులు, ముందు జాగా కాస్త ఎక్కువ. బుల్లెట్ గాడులకు తగలకుండా వెనకే ఆగి ఉంటుంది, పేలాక ఎగిరి వాటిలో పడుతుంది. ఆ ఎగురుడును జంప్ అంటారు. మ్యాచ్ చాంబర్ బిగువు, జాగా తక్కువ, జంప్ లేదు. బోల్ట్ మూసేటప్పుడే బుల్లెట్ మూతి గట్ల మధ్య కూర్చుంటుంది. మీ ఎన్‌సీసీ రైఫిల్‌ను తప్పుపట్టాల్సిన పని లేదు, దాన్ని చేసిందే వేరే పనికి. తప్పల్లా దాంతో కాల్పించి చేతుల మీద తీర్పు చెప్పడంలో ఉంది.

"లోడ్" అని వినిపిస్తుంది. కొత్త రౌండ్ పెట్టండి. బోల్ట్. బిగువు. టక్. "స్టార్ట్."

ఊపిరి సగం వదిలి ఆపండి. నల్ల గుండ్రం వలయంలో నిలిచింది. వేలు కదిలిందో లేదో.

అక్కడ కాలాన్ని ఆపి చూద్దాం. పిన్ను రౌండ్ అంచును కొట్టింది. అంచులో ఉన్న పేలుడు మసాలా అంటుకుని మందును వెలిగించింది. వాయువు ఉబ్బుతోంది. పల్చటి ఇత్తడి కేస్ చాంబర్ గోడకు అతుక్కుని వెనకదారి మూసేసింది. వాయువుకు మిగిలిన దారి ముందుకే, బుల్లెట్‌ను తోసుకుంటూ. పీడనం మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి వెయ్యి రెట్లు దాటుతుంది. ఈ రౌండ్లకు పెట్టిన గరిష్ఠ హద్దు దాదాపు 1,600 రెట్లు. రెండున్నర గ్రాముల సీసం కదిలింది. దాని వ్యాసం 5.7 మిల్లీమీటర్లు. గట్ల మధ్య దూరం అంతకన్నా తక్కువ, అది ఒదగక తప్పదు. గట్లు దాని ఒంట్లోకి దిగుతున్నాయి, మైనం పక్కకు జరుగుతోంది, సీసం గాడుల్లోకి సర్దుకుంటోంది. ఇక్కడి నుంచి అది తన ఇష్టానికి పోలేదు, గాడి తిప్పినట్టు తిరగాలి. ఈ గాడులు 406 మిల్లీమీటర్లకు ఒక చుట్టు తిరుగుతాయి. 65 సెంటీమీటర్ల గొట్టంలో బుల్లెట్ తిరిగేది ఒకటిన్నర చుట్టు కన్నా కాస్త ఎక్కువ, అంతే. కానీ మూతి దాటేసరికి వేగం సెకనుకు సుమారు 330 మీటర్లు, తిరుగుడు సెకనుకు 800 చుట్లు పైనే.

ఆ తిరుగుడే బుల్లెట్‌ను నిలకడగా ఉంచుతుంది. పొరపాటు ఉంటే దాన్ని పెంచి చూపేదీ అదే. ఎడ్లబండి వెనక్కి వచ్చి దారి గాడిలో పడేటప్పుడు చూశారా? చక్రం తిన్నగా దిగితే ఊరు చేరేదాకా బండి గాడిలోనే సాగుతుంది. ఒరుగుగా దిగితే ఇరుసు ఒక పక్కకు ఈడ్చుకుంటూనే పోతుంది, మధ్యలో సర్దుకోదు. బుల్లెట్ కూడా త్రోట్‌లో ఎలా దిగితే అలాగే ఒత్తుకుపోతుంది. ఒరిగి దిగితే దాని బరువు కేంద్రం గొట్టం నడిగీత మీద ఉండదు, పక్కకు ఉంటుంది. గొట్టంలో ఉన్నంతసేపు గోడలు పట్టి ఉంచుతాయి. మూతి దాటగానే ఆ కేంద్రం తాను తిరుగుతున్న దిక్కుకు విసిరేసుకుంటుంది. లెక్క వేయండి. కేంద్రం 0.01 మిల్లీమీటరు పక్కకు ఉందనుకుంటే, ఈ తిప్పుడుకు 50 మీటర్ల దగ్గర బుల్లెట్ సుమారు 7.7 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. పది పాయింట్ల వృత్తానికి ఉన్నది 5.2 మాత్రమే. మిల్లీమీటరులో నూరో వంతు తేడా బుల్లెట్ నడిమధ్యను పది వృత్తం దాటించేస్తుంది, ఇక దాని అంచు గీతకు తగిలితేనే పది. మీ చేయి రాయిలా ఉన్నా సరే.

ఇక్కడ ఒక సంగతి బాగా పట్టించుకోవాలి. ప్రతి బుల్లెట్టూ ఒకే వైపు, ఒకే మేర ఒరిగితే నష్టం లేదు. అన్నీ ఒకే చోట పడతాయి, సైట్ రెండు క్లిక్కులు తిప్పితే సరి. ఒకటి అటు, ఒకటి ఇటు ఒరిగితేనే చేయగలిగింది లేదు. మంచి త్రోట్ అంటే ప్రతి బుల్లెట్‌ను నిన్నటిలాగే కూర్చోబెట్టేది. ఫ్రాంక్లిన్ మాన్ అనే అమెరికన్ వైద్యుడు బుల్లెట్లు ఎందుకు చెదురుతాయో తేల్చడానికి ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి 1909లో పుస్తకం వేశాడు. గాలినీ చేతినీ పక్కన పెట్టి బుల్లెట్ గొట్టంలో ఎలా ఒరుగుతుందో, దాని అడుగు ఎలా చెడుతుందో పరీక్షించిన మనిషి. నూరేళ్లు దాటినా ఈ విషయంలో ఆయన దారినే అందరం నడుస్తున్నాం.

షాట్ శబ్దం ఇప్పుడే మీ చెవికి చేరింది. పక్కనున్న మానిటర్ మీద చుక్క వెలిగింది. 10.3. కోచ్ సార్ ఏమీ అనరు. బోల్ట్ తీస్తే ఖాళీ కేస్ చాప పక్కన పడింది.

బుల్లెట్ గాడిలోకి ఎలా దిగాలన్న ప్రశ్న మన దేశ చరిత్రను ఒకసారి కుదిపేసింది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు లోపల మూడు గాడులు ఉండేవి, కానీ దాన్ని నింపాల్సింది మూతి నుంచే. గాడులకు సరిపడా బుల్లెట్ అయితే మూతి నుంచి కిందికి దిగదు. అందుకని గొట్టం కన్నా చిన్న బుల్లెట్ చేశారు. కింద గుల్లగా ఉన్న ఆ సీసం పేలినప్పుడు ఉబ్బి గాడులను పట్టుకుంటుంది. నింపేటప్పుడు జారడానికి దాని చుట్టూ కాగితం, ఆ కాగితానికి కొవ్వు. ఆవు కొవ్వా, పంది కొవ్వా అన్న అనుమానంతో 1857లో సిపాయిలు తిరగబడ్డారు. ఆ జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి దండెత్తారు. తిరుగుబాటుకు కారణాలు ఎన్నో ఉన్నాయి. కానీ ఆ కొవ్వు అక్కడికి రావడానికి కారణం మాత్రం పచ్చి యంత్రశాస్త్రం. వెనక నుంచి నింపే రైఫిళ్లు వచ్చాక మూతి నుంచి జార్చడానికి ఆ కొవ్వు కాగితం అవసరమే పోయింది. బుల్లెట్ వెనక నుంచి గాడిలో పడడం మొదలుపెట్టింది. త్రోట్ అనేది అప్పుడు పుట్టింది.

మన జనగామ, మానుకోట పల్లెల్లో మాత్రం మూతి నుంచి నింపే భర్మార్ తుపాకులు చాలాకాలం నిలిచాయి. మందు పోసి, గుడ్డ పీలిక కూరి, సీసం గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. లోపల గాడులు లేని నున్నటి గొట్టం. కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల తూటాలకు నేలకొరిగాక రాజుకున్న పోరాటంలో జనం చేతికి వచ్చింది వడిసెలలు, కారం, ఇవే భర్మార్లు. 1948 ఆగస్టు 27న రజాకార్ల దాడికి ఎదురుగా బైరాన్‌పల్లి బురుజు మీద నిలబడ్డ వాళ్ల చేతుల్లోనూ ఇవే. ఒక గుండు వేశాక మళ్లీ దట్టించేంతలో ఎదుటివాడి రైఫిల్ ఎన్నో రౌండ్లు కాల్చగలదు. పైగా ఆ రౌండ్లు గాడి పట్టి తిన్నగా వస్తాయి. ఆ తేడా ఉన్నా వాళ్లు ఎదురు నిలిచారు. ఈ మాట రాస్తుంటే నా చేయి బరువెక్కుతోంది.

తర్వాత మన పోలీస్ స్టేషన్లలో దశాబ్దాల పాటు కనిపించిన త్రీ నాట్ త్రీకి కూడా త్రోట్ కథ ఒకటుంది. దాని తొలి రూపంగా 1888లో వచ్చిన లీ-మెట్‌ఫర్డ్ గాడులు నల్ల తుపాకిమందు కోసం చేసినవి, లోతు తక్కువ, అంచులు గుండ్రం. ఆ వెంటనే వచ్చిన కార్డైట్ మందులో 58 శాతం నైట్రోగ్లిజరిన్. ఆ వేడికి గాడులు త్వరగా అరిగిపోయాయి. 1895లో లోతైన ఎన్‌ఫీల్డ్ గాడులు పెట్టారు. దక్షిణాఫ్రికాలో బోయర్లతో యుద్ధం జరుగుతున్న కాలంలో నైట్రోగ్లిజరిన్‌ను 30 శాతానికి దించిన కొత్త కార్డైట్ తెచ్చారు. ఎక్కువ అరుగుదల త్రోట్ దగ్గరే. వాయువు అత్యంత వేడిగా ఉండేది అక్కడే, బుల్లెట్ ఇంకా పూర్తిగా దారి మూయనిది కూడా అక్కడే. ఉక్కు మీద ముందు సన్నటి నెర్రెలు పడతాయి, తర్వాత గట్ల మొదళ్లు కొట్టుకుపోతాయి, గాడులు మొదలయ్యే చోటు ముందుకు జరుగుతూ పోతుంది. గొట్టం మిగతా అంతా మెరుస్తూనే ఉంటుంది. పెద్ద మాగ్నమ్ రైఫిళ్లలో ఒకటి రెండు వేల రౌండ్లకే ఈ గతి పడుతుంది. పాయింట్ 22 మందు చిన్నది, సీసం మెత్తనిది కాబట్టి పదివేల రౌండ్లు దాటినా నిలుస్తుంది.

నిలుస్తుంది గానీ, దానికి వేరే జబ్బు ఉంది. "లే, ఇటు రా," అంటారు కోచ్ సార్. బోల్ట్ తీసిపెట్టి, గొట్టం ఖాళీ అని ఇద్దరూ చూసుకున్నాక, వెనక బల్ల మీద ఒక పాత రైఫిల్ పెడతారు. సన్నటి తీగ కొనకు కెమెరా ఉన్న బోర్‌స్కోప్‌ను చాంబర్‌లోకి పంపి ఫోన్ తెర మీ వైపు తిప్పుతారు. ముందు గోడ నున్నగా కనిపిస్తుంది. ఇంకాస్త లోపలికి పోగానే, కేస్ మూతి ఆగే చోట చుట్టూ నల్లటి పట్టీ. కాలిన మందు, మైనం, సీసం కలిసి గట్టిపడ్డ కార్బన్ రింగ్. గట్లు దాని అవతల నుంచి లేస్తున్నాయి. ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా ఉంది. బుల్లెట్ ఈ పట్టీని తోసుకునే గాడిలోకి పోవాలి. ఇది పెరిగిన కొద్దీ బోల్ట్ బిగువు పెరుగుతుంది, బుల్లెట్ ఒరుగుతుంది, చుక్కలు చెదురుతాయి. మామూలు గుడ్డ ముక్క ఒకసారి లాగితే పోదు. ద్రావకం పోసి నానబెట్టి, సరైన గైడ్ పెట్టి, చాంబర్ వైపు నుంచే బ్రష్ నడపాలి. కడ్డీ గట్ల మీద గీసుకుంటే ఆ నష్టం మళ్లీ తిరిగిరాదు.

"ఈ రైఫిల్ పనికి రాదని పక్కకు పెట్టిన్రు. ఇది ఖరాబ్ గాలే, దీన్ని ఎవరూ చూడలే," అంటారాయన తెర మీంచి చూపు తిప్పకుండా.

ఈ వాలు, ఈ జాగా, ఈ పట్టీ ఒక్క ఆటకు సంబంధించిన గోల కాదు. పోలీసుల ఇన్సాస్ రైఫిల్ వాడే 5.56 రౌండ్‌కూ పౌరులు వాడే .223 రౌండ్‌కూ బయటి కొలతలు దాదాపు ఒకటే. 5.56 చాంబర్‌లో గాడుల ముందు జాగా ఎక్కువ ఉంటుంది. జాగా తక్కువున్న .223 చాంబర్‌లో 5.56 రౌండ్ పెడితే పీడనం ప్రమాదకరంగా పెరగొచ్చు. రామంతాపూర్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్‌లాంటి చోట్ల బుల్లెట్ మీద నిపుణులు వెతికేదీ ఈ గాడుల గుర్తులనే. జంప్ ఎక్కువున్న తుపాకీలో బుల్లెట్ గాడి పట్టకముందు కొంచెం జారుతుంది, గుర్తు మొదట్లో వెడల్పుగా పడుతుంది. మళ్లీ ఆటలోకే వస్తే, షూటర్ గగన్ నారంగ్ 2012 జులై 30న లండన్ ఒలింపిక్స్‌లో 701.1తో కాంస్యం గెలిచింది మాత్రం ఎయిర్ రైఫిల్‌తో. అందులో కేస్ లేదు, మందు లేదు. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్‌ను నేరుగా గాడి మొదట్లో కూర్చోబెడతారు. అయినా పెల్లెట్ల లాట్‌ను, అంటే తయారీ విడతను, మార్చి మార్చి పరీక్షించుకోని మంచి షూటర్ నాకు కనిపించలేదు. పాయింట్ 22 వాళ్లయితే రైఫిల్‌ను బిగించి, లాట్ తర్వాత లాట్ కాల్చి, తమ త్రోట్‌కు నచ్చిన లాట్‌ను పెట్టెలకొద్దీ కొనిపెట్టుకుంటారు. వారికి పిచ్చి అనుకునేవారు పైన వేసిన 7.7 మిల్లీమీటర్ల లెక్క మళ్లీ ఒకసారి చూడాలి.

చాప మీదికి తిరిగి రండి. బోల్ట్, బిగువు, టక్. ఈసారి ఆ బిగువు దగ్గర చేయి ఆగదు. 10.1. 10.4. 9.9, అది మీదే, వేలు గుంజింది. మళ్లీ 10.2. చేతులు వణికే మనిషి చుక్కలు ఇలా ఉండవు.

జిల్లాల్లో ఎన్‌సీసీ కేడెట్లకు, బడి పిల్లలకు రైఫిల్ పట్టించే పెద్దలకు నా మనవి ఒక్కటే. బోర్‌స్కోప్ ఇప్పుడు కొన్ని వేల రూపాయల్లోనే దొరుకుతుంది. ప్రతి యూనిట్‌కూ, ప్రతి క్లబ్బుకూ ఒకటి కొనండి. ఫైరింగ్‌కు ముందు ప్రతి రైఫిల్ త్రోట్ చూడండి, కార్బన్ రింగ్ ఉంటే తీయించండి, గట్లు కొట్టుకుపోయి ఉంటే ఆ రైఫిల్‌ను పక్కన పెట్టండి. ఆ తర్వాతే పిల్లల చేతుల గురించి మాట్లాడండి.